మెరెడిత్ వీథిలోని మూడవ నెంబరు ఇల్లు

భర్త యుద్యోగము వెంట పరాయి యూరికి కాపురము వచ్చిన యిల్లాలికి మొదటి నెలలెట్లు గడచునో మన చదువరులలో ననేకులకు స్వానుభవమే. వాకిట ముగ్గు పెట్టుచుండగా ఎదురింటి కిటికీ తలుపు కొంచెము తెఱచుకొనును. నూతికడ కూడి మాటలాడుకొనుచున్న నలుగురును మనము పోగానే మాట నాపుదురు. మన యాస వేఱు, చీరకట్టు వేఱు, తాలింపు వాసన వేఱు. కొన్ని నెలలకు పిల్లలు ముందుగా కలిసిపోదురు. పిమ్మట పెద్దలును కలియుదురు. ఒక జిల్లానుండి మఱియొక జిల్లాకు పోయినప్పుడే యింత యున్నచో, నాలుగువేల మైళ్లకు మించిన సముద్రము దాటి, తమ మేనిచాయ గల మనుష్యులు దాదాపు కానరాని చలిదేశపు చిన్న పట్టణములో కాపురము పెట్టిన దంపతుల మాట యెట్లుండవలెను? అట్టి యొక కాపురపు కథను మా సోదరీమణులకు వినిపింపదలచితిమి.

ఆ భర్త పేరు లియరీ కాన్‌స్టంటైను. వెస్టిండీసు దీవులలోని ట్రినిడాడువాడు. క్రికెట్టు ఆటలో ప్రపంచ ప్రసిద్ధి గన్నవాడు. ఆ భార్య పేరు నార్మా. వారు చేరిన యూరు ఇంగ్లండులో లాంకషైరు మండలమందలి నెల్సను. చేరిన సంవత్సరము 1929. ఆయన యెన్ని పరుగులు తీసెను, ఎందఱిని పడగొట్టెను అను లెక్కలు ఆటల పుస్తకములలో నున్నవి. ఆ లెక్కలకంటె నెల్సను వారు తమ పిల్లలకును మనుమలకును చెప్పుకొనిన ముచ్చటలే మాకెక్కువ రుచించినవి. అందుచేత వానినే యిచట ముందునకు దెచ్చుచున్నాము.

లియరీ 1901వ సంవత్సరమున జన్మించెను. తండ్రి లెబ్రన్ కోకో తోటలో పైవిచారణదారు. తల్లి అనైస్ బానిసలుగా బ్రదికినవారి సంతతి. తండ్రి తానును మంచి ఆటగాడే. 1900లో వెస్టిండీసు జట్టు ఇంగ్లండునకు బయలుదేఱినప్పుడు ఆయనకు ప్రయాణమునకు ధనము లేక యూరిలోనే నిలిచిపోగా, ఒక వర్తకుడు వీథిలో ఆయనను జూచి, ఖర్చులకు సొమ్మిచ్చి, అప్పటికే కదలుచున్న యోడను వేగముగా పోవు చిన్న పడవతో నందుకొనునట్లు చేసెనని ట్రినిడాడులో నొక కథ ప్రసిద్ధము. అట్లు పోయిన లెబ్రను ఆ యేడే లార్డ్స్ మైదానమున నూఱు పరుగులు దాటెను. ఇంగ్లండు గడ్డపై వెస్టిండీసువాడు చేసిన మొదటి శతకమదియే. ఇట్టి యింటిలో క్రికెట్టు మగవారి విలాసము కాదు, కుటుంబ విద్య. పెరటి యభ్యాసమున తల్లి మొదలుగా ఇంటిల్లిపాదియు పాలుగొనెడివారు. మేనమామ విక్టర్ పాస్కాలును దేశము తరఫున ఆడినవాడే.

పెరిగి పెద్దవాడైన పిమ్మట లియరీ చేరిన సంఘము షానన్ క్లబ్బు. ఈ మాట వెనుక నున్న సంగతి మన చదువరులు గమనింపవలెను. ఆ కాలమున ట్రినిడాడులో క్రికెట్టు సంఘములు మేనిచాయనుబట్టి యేర్పడి యుండెను. ధనికులగు తెల్లవారికొకటి, చామనచాయ గల మధ్యతరగతివారికి వేఱొకటి, నల్లని చాయ గల గుమాస్తాలకును ఉపాధ్యాయులకును షానన్, కాయకష్టము చేయువారికి ఇంకొకటి. ఎవరి పంక్తి వారిదే. మన దేశమున పంక్తి భేదములు కన్నవారికి ఈ యేర్పాటు విచిత్రముగా తోపదు. లియరీ న్యాయవాది కార్యాలయమునను, నూనెగనుల కంపెనీలోను గుమాస్తాగా పని చేసెను. ఎంత చాకచక్యమున్నను, నల్లవాడు కొంత మెట్టు దాటి పైకి పోవుటకు అచట వీలులేకుండెను. 1927లో ఆయన నార్మా కాక్సును వివాహమాడెను. మఱుసటి యేడు వారికి గ్లోరియా యను కూతురు గలిగెను.

ఆ 1928వ సంవత్సరముననే వెస్టిండీసు జట్టుతో ఆయన ఇంగ్లండునకు వచ్చెను. జూను మాసమున లార్డ్స్ మైదానమున మిడిల్‌సెక్సు జట్టుతో జరిగిన పోటీలో మొదటి దఫా 86 పరుగులు, రెండవ దఫా 103 పరుగులు తీసి, నడుమ 57 పరుగులకు ఏడుగురిని పడగొట్టి, ఓడవలసిన తన జట్టును గెలిపించెను. ఆ నూఱు పరుగులకును పట్టినది ఒక గంట మాత్రమే. నాటి రాత్రి వార్తాపత్రికలు చదివినవారిలో నెల్సను క్రికెట్టు క్లబ్బు పెద్దలును కలరు. మూడేండ్ల యొప్పందము, ఏటికి 500 పౌనుల జీతము, ఆపై ఆటనుబట్టి బహుమానము అను షరతులతో వారు ఆయనను పిలిచిరి. ట్రినిడాడులో గుమాస్తాకు అది కలలోనైన కానరాని సొమ్ము. అయినను సొమ్మొక్కటియే కాదు. తన దేశమున మూసియున్న తలుపు వేఱొకచోట తెఱచుకొనెనని ఆయనకు తోచియుండును.

ఇక నెల్సను సంగతి. పెండిల్ కొండ చేరువలో కాలువ యొడ్డున, పొగగొట్టముల నడుమ పెరిగిన యూరది. ఒక పాత సత్రము పేరే ఊరి పేరాయెను. జనము నలుబది వేలకు లోబడియుందురు. బ్రదుకు తెరువు నూలునేత. మగవారితో సరిగా స్త్రీలును మిల్లులలో మగ్గములు నడపెడివారు. నేసిన గుడ్డకు ఇరువురికిని ఒక్కటే కూలిరేటు. పెండ్లియైన పిమ్మటను అనేకులు మగ్గము విడువరు. తెల్లవాఱకముందే గంట మ్రోగగా, భార్యాభర్తలిరువురును కొయ్యజోళ్లతో రాతిబాట మీద టకటకలాడుచు మిల్లునకు పోయెడివారు. స్త్రీల వోటు హక్కునకై పాటుపడిన సెలీనా కూపరు ఈ యూరి మిల్లులో పనిచేసినదే. చేతిలో తన సంపాదన గల స్త్రీ మాటకు నెల్సను ఇండ్లలో విలువ యుండెను.

అట్టి యూరికి శనివారపు మధ్యాహ్నమే పండుగ. మిల్లు మూసినంతనే జనము సీడ్‌హిల్ మైదానమునకు నడచును. ఇరుగుపొరుగు పట్టణములు పదునాలుగు కలిసి 1892 నుండి నడపుచున్న లాంకషైరు లీగు పోటీలవి. ఒక్కొక్క జట్టులో జీతము పుచ్చుకొను ఆటగాడు ఒక్కడే; తక్కిన పదుగురును ఆ యూరి నేతగాండ్రు, అంగడివారు, బడిపంతుళ్లు. జీతగాడు ఏబది పరుగులు తీసిన దినమున మైదానము చుట్టును డబ్బా త్రిప్పుదురు. ఒక్కొక్కరు తమ కలిమికొలది పెన్నీలు వేయుదురు. ఊరి గౌరవమంతయు ఆ యొక్క జీతగాని భుజములమీద నుండును. గెలిచిన వారము ఆయన దేవుడు. ఓడిన వారము రొట్టెల దుకాణమునకు పోవుటయు కష్టమే.

1929 ఏప్రిలులో ఈ యూరికి కాన్‌స్టంటైను వచ్చెను. నెల్సను ప్రజలలో అధికసంఖ్యాకులు నల్లని మనుష్యుని బొమ్మలలో తప్ప చూచి యెఱుగరు. ఆ రోజులలో ఆయన గాక ఊరిలో ఇంకొక్క నల్లవాడు మాత్రము కలడనియు, అతడు తోపుడుబండి మీద చెత్త యెత్తువాడనియు, తరువాత వారి యింట నతిథిగా నున్న సి. యల్. ఆర్. జేమ్సు వ్రాసియున్నాడు. ఇంటి ముందు పిల్లలు గుమిగూడి కిటికీలోనుండి తొంగి చూచెడివారు. వీథిలో వెంటబడి, నీవు బొగ్గుగనిలో పనిచేసి వచ్చితివా, సబ్బుతో రుద్దిన ఆ నలుపు పోదా అని యడిగెడివారు. దుకాణమున నిలిచినచో నోట మాట రాక కనులు పెద్దవి చేసికొని చూచెడివారు. పేరు లేని యుత్తరములును వచ్చినవి. కొన్ని ఆదరపూర్వకములు, కొన్ని చదువరాని దుర్భాషలు.

పసిపిల్లల మాటలో ద్వేషము లేదు; ఎఱుగమియే యున్నది. కాని ఎఱుగమియైనను దినమునకు పదిమార్లు తగిలినచో ముల్లువలెనే గ్రుచ్చుకొనును. కాన్‌స్టంటైనుకు శనివారమున మైదానమున్నది, చప్పట్లున్నవి. తక్కిన దినములలో యింటినుండి దుకాణమునకు, దుకాణము నుండి యింటికి ఆ చూపుల నడుమ నడచినది నార్మా. ఆమెకు చప్పట్లు కొట్టువారెవరు? ఎండ కాచు దీవిలో పుట్టిన పిల్లకు లాంకషైరు చలియు, పొగమంచును, మసి పడి నల్లబడిన గోడలును ఎట్లుండెనో మన మూహించుకొనవచ్చును. మాటాడుటకు తన వాడుక యెఱిగిన యాడుది ఒక్కతెయైనను లేదు.

మైదానముననును కష్టములు లేకపోలేదు. ఆ తొలి యేడే జరిగిన దొక కథ నెల్సను వారికి కంఠస్థము. ఎదుటి యూరి జట్టులో జీతగాడు దక్షిణాఫ్రికానుండి వచ్చిన తెల్లవాడు. ఆటకు ముందు కాన్‌స్టంటైను చేయి చాపగా ఆతడు దానిని అందుకొనక మొగము త్రిప్పుకొనెను. కాన్‌స్టంటైను ఒక్క మాటయు ననలేదు. బంతి చేతికి రాగానే, నిప్పులు చెరగినట్లు వేగముగా విసరెను. ఆ దక్షిణాఫ్రికావాడును ధైర్యవంతుడే. దెబ్బలు తినుచునే చాల పరుగులు తీసెను. ఆట ముగిసిన పిమ్మట తుండుగుడ్డ చుట్టుకొని నెల్సనువారి గదికి వచ్చి, కమిలిన మచ్చలను చూపి, మీవాడు నన్నేమి చేసెనో చూడుడని మొఱపెట్టుకొనెనట. ఊరివారీ కథను నవ్వుచు చెప్పుకొందురు. నవ్వులో నొక న్యాయము కలదు: మా యూరివాని చేతిని త్రోసిపుచ్చినవాడు మా యూరినే త్రోసిపుచ్చినాడు అను నభిమానము అప్పటికే వారిలో మొలకెత్తెను. పరాయివాడు మావాడగుట ఇట్లు మొదలయ్యెను.

అయినను ఆయన మనసు నిలువలేదు. తొలి దినములలోనే, ఈ యొప్పందము విడిచి యింటికి పోవుదమన్న తలంపు ఆయనకు బలముగా గలిగెననియు, అట్లు పోరాదు, మూడేండ్లును నిలువవలసినదే యని పట్టుపట్టినది నార్మాయేననియు ఆయన జీవితకథను వ్రాసినవారు చెప్పుదురు. ఈ యొక్క సంగతి మా మనసును పట్టివేసినది. చూపుల బాధ యెక్కువగా పడినది ఆమె. పోవుదమన్నచో ముందుగా సంతోషింపవలసినదియు ఆమెయే. అయినను ఆమె వలదనెను. వెనుకకు పోయినచో కొంటెచూపులే గెలిచినట్లగును. తరువాత వచ్చు నల్లవానికి తలుపు మఱింత గట్టిగా మూయబడును అని ఆమెకు తోచియుండునని మా యూహ. ఏమైనను, ఒక్క స్త్రీ పట్టుదల ఆనాడు సడలియున్నచో నెల్సను కథయే లేదు.

వారు నిలిచిరి. మూడేండ్లన్నది తొమ్మిదేండ్లయ్యెను. ఆ తొమ్మిదేండ్లలో నెల్సను ఏడు మార్లు లీగు విజేత. తక్కిన రెండుమార్లును రెండవ స్థానమునకు తగ్గలేదు. 1934లో అక్రింగ్టను జట్టు పదుగురిని కాన్‌స్టంటైను ఒక్కడే పది పరుగులకు పడగొట్టెను. ఆయన బంతి నాపు నేర్పును, పట్టు నేర్పును జూచుటకే జనము వచ్చెడివారు. బంతి వైపు చూడకయే వెనుకనుండి వచ్చిన దానిని చేత నందుకొని నడచిపోవుట ఆయన వేడుకలలో నొకటి. నెల్సను ఆడవచ్చిన దినమున ఎదుటి యూరివారి క్లబ్బు పెట్టెయు నిండెడిది.

ఇట్టి గెలుపులవలన ఆదరము వచ్చుట సహజమే. మా కాశ్చర్యము గొల్పినది వేఱు. ఆ యూరి నాటి స్థితిని తలచుకొనుడు. నూలు వర్తకము క్షీణించి మగ్గములు నిలిచిపోవుచుండెను. ఒక్కొక్క పనివాడు ఎక్కువ మగ్గములు నడపవలెనను తగవుతో 1931 జనవరిలో మిల్లుల యజమానులు తలుపులు మూసి నేతపనివారిని వెలుపల నిలిపిరి. ఆ క్షీణతకు గల కారణములలో మన దేశపు సంగతియు నొకటి కలదు. మన తల్లులును అమ్మమ్మలును సీమగుడ్డ విడిచి రాట్నము పట్టినప్పుడు, దాని సెగ ఆ లాంకషైరు పొయ్యిలకు తగిలెను. 1931 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు ఆ మండలమందలి డార్వెను ప్రాంతమునకు పోయి, పని పోయిన నేతగాండ్రతో స్వయముగా మాటాడెను. పని పోయినందులకు ఆయనను దూషింపక, మిల్లు స్త్రీలు చుట్టుచేరి చేతులెత్తి జయము పలికిరి. ఆ ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. కడుపు కాలుచున్న వేళ పరాయివానిమీద కోపము మరల్చుట సులభము. మన కూటికి ఈ జీతగాడు అడ్డమని నెల్సనువారు అనదలచినచో అనవచ్చును. వారట్లనక, చేత మిగిలిన పెన్నీలలోనే ఒకటి శనివారమున డబ్బాలో వేసిరి.

ఇరుప్రక్కలను రాకపోక లుండినగాని ఇట్టి స్నేహము పొసగదు. ఊరి బాలురకును క్లబ్బు సభ్యులకును ఆట నేర్పుట జీతగాని పనులలో నొకటి. కాన్‌స్టంటైను దానిని మ్రొక్కుబడిగా గాక ప్రీతితో చేసెను. నిన్న సబ్బుమాట యడిగిన పిల్లలే నేడు బంతి పట్టుకొని వెంట నడచిరి. ఊరి సంఘములలోను, ప్రార్థనామందిరముల సభలలోను ఆయన వెస్టిండీసును గూర్చి ఉపన్యసించెడివాడు. అచటి యిండ్లెట్లుండును, ఏమి తిందురు, పిల్లలకు చదువుండునా అని జనమడిగిన దానికంతయు ఓర్పుతో బదులు చెప్పెడివాడు. మెరెడిత్ వీథిలోని మూడవ నెంబరు ఇంటి తలుపు ఎవరు తట్టినను తెఱచుకొనెడిది. ఆ యింటిలో టీ కాచి యిచ్చినది, అతిథికి పక్క పఱచినది నార్మా యని వేఱుగా చెప్పవలెనా?

అట్టి యతిథులలో ముఖ్యుడు పైన జెప్పిన జేమ్సు. 1932లో ట్రినిడాడునుండి వచ్చి కొన్ని నెలలు వారి యింటనే యుండెను. ట్రినిడాడులో నుండగా ఆయన షానన్‌లో గాక, చామనచాయవారి క్లబ్బులో చేరినవాడు. అచట వేఱు వేఱు పంక్తులలో కూర్చుండినవారు నెల్సనులో ఒక్క బల్లకడ భుజించిరి. కాన్‌స్టంటైను మొదటి పుస్తకము జేమ్సు సాయముతో వ్రాయబడి 1933లో వెలువడెను. వెస్టిండీసునకు స్వపరిపాలన కావలెనని వాదించుచు జేమ్సు వ్రాసిన గ్రంథమును అచ్చువేయించుటకు కాన్‌స్టంటైను ధనమిచ్చెను. అది ఆ నేతపనివారి యూరిలోనే అచ్చయ్యెను. జేమ్సు నెల్సనును గూర్చి తన దేశపు పత్రికకు వ్రాసిన లేఖలో నొక ముచ్చట కలదు. ఊరి సినిమాశాల యజమానులు పనివారి జీతము తగ్గింపగా, ఊరంతయు నొక్కమాటపై ఆ సినిమాకు పోవుట మానెనట! ఇతరుల కష్టము తమ కష్టముగా నెంచు అలవాటు ఆ యూరికి ముందుగనే కలదు. ఆ యలవాటే ఈ దంపతులకును నీడయ్యెను.

మన తెలుగుగడ్డయు ఆయన యడుగుజాడ నెఱుగును. 1934 చివర కాన్‌స్టంటైను మన దేశమునకు వచ్చి, సికింద్రాబాదులో జరిగిన మొయినుద్దౌలా బంగారు పాత్ర పోటీలలో ఫ్రీలూటర్స్ జట్టు పక్షమున ఆడెను. ఆయనను పిలిపించినది క్రికెట్టు లోకమున 'విజ్జీ' యని ప్రసిద్ధుడగు విజయనగరపు మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు. మఱియొక సంబంధమును కలదు. 1937 ముగిసి కాన్‌స్టంటైను నెల్సను క్లబ్బును వీడగా, ఆ స్థానమున 1938లో వచ్చిన జీతగాడు మన లాలా అమర్‌నాథు. పొరుగున నున్న కోల్ను జట్టులో అంతకుముందే మన అమర్‌సింగు ఆడుచుండెను. నల్లని చేతిని పట్టుకొనుటకు అలవాటుపడిన ఊళ్లకు గోధుమవన్నె చేయి క్రొత్త కాలేదు. ముందు నడచినవాడు ముండ్లు త్రొక్కినగాని వెనుకవారికి బాట యేర్పడదు.

ఆట వేఱు క్లబ్బునకు మాఱినను కాపురము మాత్రము నెల్సనులోనే 1949 వరకు సాగెను. గ్లోరియా ఆ యూరి పిల్లలతోనే పెరిగెను.

కాని ఈ కథను తీపిమాటలతో ముగించుట మాకు న్యాయముగా తోచలేదు. 1943లో, యుద్ధకాలమున, లార్డ్స్ మైదానమున ఆడుటకై కాన్‌స్టంటైను భార్యను కూతును వెంటబెట్టుకొని లండను పోయెను. ముందుగా గదులు కుదుర్చుకొన్న హోటలువారు, తక్కిన బసదారులు నల్లవారిని సహింపరను నెపమున, ఒక్క రాత్రికి మించి యుండరాదనిరి. అప్పటికి ఆయన దేశమంతయు నెఱిగిన మనిషి, ప్రభుత్వోద్యోగి, వెస్టిండీసునుండి యుద్ధపు పనికి వచ్చినవారి యోగక్షేమములు విచారించువాడు. అయినను ఆ గుమ్మమున ఆయన పేరు పనికిరాలేదు. ఆయన న్యాయస్థానమున దావా వేసి 1944లో గెలిచెను. వచ్చిన పరిహారము అయిదు గినీలు మాత్రమే. వచ్చిన తీర్పు మాత్రము వెలలేనిది. నెల్సను యొక్క వీథియే మంచిది గాని, ఇంగ్లండు వీథులన్నియు నెల్సను వీథులు కాలేదని ఆ గుమ్మమున వారికి మరల తెలిసివచ్చెను.

పిమ్మటి చరిత్ర క్లుప్తముగా చెప్పెదము. నడివయసున న్యాయశాస్త్రము చదివి 1954లో బారిస్టరయ్యెను. స్వదేశమున మంత్రి యయ్యెను. ట్రినిడాడు స్వతంత్రమైన 1962వ సంవత్సరమున లండనులో ఆ దేశపు ప్రతినిధి. ఆ యేడే సర్ బిరుదము. 1963లో నెల్సను పురపాలకులు తమ పట్టణ గౌరవ పౌరసత్వము నర్పించిరి. 1969లో ఆయన ప్రభువుల సభలో చేరెను; ఆ సభకు చేరిన నల్లవారిలో ఆయనయే ప్రథముడు. ప్రభువైనవాడు తన బిరుదముతోబాటు ఊరి పేరు చేర్చుకొనుట అచటి యాచారము. కాన్‌స్టంటైను రెండు పేర్లు చేర్చుకొనెను. ఒకటి తన దీవిలోని మరావాల్, రెండవది నెల్సను. ఒకప్పుడు కిటికీలోనుండి తొంగి చూచిన యూరు ఆయన పేరులో భాగమయ్యెను. నెల్సనులో గడపిన కాలము తన్ను మేలైన పౌరునిగా చేసెనని ఆయన చెప్పుకొనెడివాడు.

1971 జులై 1వ తేదీన ఆయన కాలధర్మము నొందెను. రెండు నెలలకే నార్మాయు ఆయనను అనుసరించెను. మెరెడిత్ వీథిలోని ఆ యింటి గోడమీద ఆయన పేర నొక స్మారకఫలకము నిలిపిరి. మూడేండ్లును నిలువవలసినదేయని పట్టుబట్టిన యిల్లాలి మాటను చెక్కుటకు ఏ ఫలకము చాలును?

ఈ కథ చదివిన పిమ్మట మాకొక ప్రశ్న మిగిలినది. దానిని మా సోదరీమణుల ముందుంచి సెలవు తీసికొందుము. కాన్‌స్టంటైనుతో నెల్సను స్నేహము చేసినది. ఆయన ఆట యాడెను గనుక ఆయనను తెలిసికొనుటకు జనమునకొక సాకు దొరకెను. మఱి తోపుడుబండిపై చెత్త యెత్తిన ఆ రెండవ నల్లవాని మాట యేమి? ఆయన పేరైనను ఎవరును చెప్పుకొనరు. మన వీథిలోనికి నేడో రేపో ఒక క్రొత్త కాపురము వచ్చును. వారికి మన భాష రాకపోవచ్చును. వారి కులము, మతము, వంట మనకు క్రొత్త కావచ్చును. వారిలో మైదానమేలు వీరుడుండునని యేమి నమ్మకము? వీరుడు కానివానికిని మన వాకిలి తెఱచియుండవలెను. మన పిల్ల వారిని జూచి తెలియక యొక మాటన్నచో, దానిని నవ్వి త్రోసివేయక, ఆ సాయంకాలమే చెంబెడు మజ్జిగయో, నాలుగు పండ్లో పట్టుకొని, పిల్లను వెంటబెట్టుకొని వారి గడప త్రొక్కుదము. ఆ యింటిలో నున్న నార్మా, పోవుదమా, యుందమా యని ఆ దినముననే యోచించుచుండవచ్చును.